తెగిన బెల్టు

ట్రాక్టరుకు గుండెకాయ ఏదని అడిగితే ఎవరైనా ఇంజను అంటారు. కాళ్ళేవంటే చక్రాలు చూపిస్తారు. ఫాను బెల్టు పేరెత్తేవాడు మాత్రం కనిపించడు. రెండుగా మడిచి పట్టుకుంటే మూరెడు పొడుగు, చిటికెన వేలంత వెడల్పు ఉండే నల్ల రబ్బరు ముక్క అది. బండి ఖరీదులో దాని ఖరీదు లెక్కలోకే రాదు. కాని అది తెగిననాడు బండి ఖరీదంతా దాని మీదే వేలాడుతుంది. ఈ సంగతి నేను పుస్తకాలు చదివి తెలుసుకోలేదు. 2019 జనవరిలో, దాళ్వా దమ్ములో, మోకాటి లోతు బురదలో నిలబడి తెలుసుకున్నాను.

మాది పశ్చిమ గోదావరి జిల్లా, తణుకు దగ్గర పల్లెటూరు. బండి మా నాన్నగారి హయాములోది, ఇంటర్నేషనల్ బి-275. ఆ మోడలు 1950ల చివర ఇంగ్లండులో పుట్టింది. అమెరికాలోని ఇంటర్నేషనల్ హార్వెస్టరు కంపెనీతో కలిసి మహీంద్రావారు దాన్ని బొంబాయిలో తయారు చేశారు. మా నాన్నగారు 1974లో కొన్నారు. అది ఊళ్ళోకి వచ్చిన రోజున పిల్లలు దాని వెంట చెరువు గట్టు దాకా పరుగెత్తారట. ఇప్పుడు మా వీధిలోనే కొత్త బళ్ళు నాలుగున్నాయి. "దాన్ని ఇంకా ఎందుకండీ, పాత ఇనప కొట్టుకు తోలెయ్యక?" అని నన్ను అడగనివాడు లేడు. తోలబుద్ధి కాలేదు. అది నాన్నగారి జ్ఞాపకం అని కొంత, కొత్తది కొనే స్తోమతు లేక కొంత.

మా పొలాలు కాలువ శివారున ఉన్నాయి. దాళ్వాలో నీళ్ళు వంతుల మీద వస్తాయి. వంతు వచ్చినప్పుడే దమ్ము చేసుకోవాలి. బోదెలో నీళ్ళు కట్టేస్తే మళ్ళీ వంతు దాకా ఆకాశం కేసి చూడవలసిందే. ఆ ఏడు మా బోదెకు మూడు రోజులు నీళ్ళిచ్చారు. మూడో నాటి సాయంత్రంతో సరి. నా చేను రెండెకరాలు ముందే అయిపోయింది. మిగిలింది మా వీధి చివరి పెద్దమ్మ చేను. ఆవిడకు సొంతం అరెకరం, కౌలుకు చేసేది ఎకరంన్నర. కొడుకు హైదరాబాదులో ఏదో కంపెనీలో కాపలా ఉద్యోగం. ఆకుమడి ముదిరిపోతోంది. నాలుగో నాటి ఉదయానికి ఊడ్పు కూలీలకు బయానా కూడా ఇచ్చేసింది.

"నాయనా, నీ బండినే నమ్ముకున్నాను" అంది ఆవిడ.

"మీరు నిశ్చింతగా ఉండండి పెద్దమ్మా" అన్నాను నేను. మాట ఇవ్వడానికి ఖర్చేముంది!

నిజం చెప్పవలసి వస్తే, బెల్టు మాకు పది రోజుల ముందు నుంచీ చెబుతూనే ఉంది. పొద్దున్నే బండి స్టార్టు చేయగానే కీచుమని అరిచేది. ఇంజను వేడెక్కాక ఊరుకునేది. మా డ్రైవరు దానికొక చిట్కా కనిపెట్టాడు. బట్టల సబ్బు ముక్క తీసుకుని బెల్టు పక్కలకు రుద్దేవాడు. అరుపు ఆగిపోయేది. ఇద్దరం సంతోషించాము. అరిచే నోటికి గుడ్డ కుక్కామే గాని జబ్బు అలాగే ఉందని మాకు తట్టలేదు.

మొదటి రోజు మధ్యాహ్నం, దమ్ము చక్రాలతో పెద్దమ్మ చేలో సగం తిరిగేసరికి టప్‌మని చప్పుడయింది. బండి ఆగలేదు. ఎదుట ఎర్ర దీపం ఒకటి వెలిగింది. డ్రైవరు నాకేసి చూశాడు.

"బాటరీ చార్జింగు పోయినట్టుందండీ. ఈ మడి అయ్యాక చూద్దామా?"

"కానీ" అన్నాను. ఆ మాట అన్నది నేనే. తప్పు అతని మీదకు నెట్టను.

ఇక్కడ పాఠకులకు ఒక్క సంగతి చెప్పాలి. పెట్రోలు ఇంజనుకు నిప్పురవ్వ కావాలి, నిప్పురవ్వకు విద్యుత్తు కావాలి. డీజిలు ఇంజను అలా కాదు. గాలిని బాగా నొక్కితే పుట్టే వేడికే నూనె అంటుకుంటుంది. అంచేత చార్జింగు పోయినా అది తన మానాన తాను తిరుగుతూనే ఉంటుంది. అదే ప్రమాదం. మా బండిలో ఆ ఒక్క బెల్టే మూడు పనులు చేస్తుంది: ఆల్టర్నేటరును తిప్పి బాటరీ నింపుతుంది, రేడియేటరు వెనకాల ఫానును తిప్పుతుంది, ఇంజను చుట్టూ నీళ్ళు తిప్పే పంపును నడుపుతుంది. ఎర్ర దీపం చెప్పేది మొదటిదాని సంగతి. కొంప ముంచేవి తక్కిన రెండూను. గాలీ లేక, నీళ్ళ తిరుగుడూ లేక, బురదలో పూర్తి బలంతో లాగుతున్న ఇంజను ఎంతసేపు ఓర్చుకుంటుంది?

రెండు చుట్లు తిరిగేసరికి రేడియేటరు మూత దగ్గర ఆవిరి బుస్సుమంది. వేడి ముల్లు ఎర్ర గీత దాటి కూర్చుంది. అప్పుడు గాని నేను "ఆపు, ఆపు!" అని కేకవెయ్యలేదు.

డ్రైవరు దిగి మూతమీద చెయ్యి వెయ్యబోయాడు. ఇంకొక కుర్రాడు బోదెలోంచి బకెట్టుతో చన్నీళ్ళు తెస్తున్నాడు. రెండూ ఆపించాను. ఆ రోజు నేను చేసిన తెలివైన పని అదొక్కటే. అదీ నా తెలివి కాదు, మా నాన్నగారిది. మూత బిగించి ఉన్నంతసేపు లోపల వత్తిడి ఉంటుంది. తీస్తే మరిగే నీళ్ళు మొహం మీదకు ఎగజిమ్ముతాయి. కాలిన ఇంజనులో చన్నీళ్ళు పోస్తే పోత ఇనుము ఒక్కసారి ముడుచుకుని బీటలు వేస్తుంది. కాలిన మట్టి మూకుట్లో చన్నీళ్ళు పోస్తే ఏమవుతుందో మన ఆడవాళ్ళకు తెలుసు. అదే ఇదీను. గంటన్నర సేపు అలాగే వదిలేశాము. చల్లారాక నీళ్ళు నింపి చూస్తే, దేవుడి దయవల్ల ఎక్కడా కారడం లేదు.

పెద్దమ్మ గట్టు మీద కూర్చుని ఉంది. ఏమీ అనలేదు. ఏమైనా అంటే బాగుండేది.

వీధిలోని కొత్త బళ్ళ వాళ్ళను అడిగాను. అందరికీ ఆ మూడు రోజులే నీళ్ళు. ఎవరి చేను వాళ్ళకుంది. "ఎల్లుండి రాత్రికి చూద్దామండీ" అన్నారు. ఎల్లుండి రాత్రికి నీళ్ళుండవు.

సరే, బెల్టు కొనుక్కొద్దామని బయలుదేరాను. వెళ్ళబోతూ తెగిన ముక్క ఏదిరా అంటే, డ్రైవరు బురదలోకి విసిరేశానన్నాడు. కాళ్ళతో కెలికి కెలికి దాన్ని పైకి తీశాము. కడిగి చూస్తే వీపు మీది అక్షరాలు చాలా వరకు అరిగిపోయాయి. ముందు 13 అని, తరువాత 1050 అని మాత్రం కనిపించింది. ఆ తరువాత ఏవో రెండు అక్షరాలుండేవి కాబోలు, మచ్చ మిగిలింది.

తణుకులో మొదటి కొట్టువాడు "బండి ఏదండీ?" అన్నాడు. చెప్పాను. పుస్తకం తిరగేసి ఒక బెల్టు తీశాడు. అది మా బండికి పనికిరాదని నాకు తెలుసు. ఎందుకంటే పాత డైనమో కాలిపోతే 2006లో పట్నంలో ఒక వర్కుషాపులో దాన్ని పీకించి ఆల్టర్నేటరు పెట్టించాను. దాని పుల్లీ వేరు, అది కూర్చున్న చోటు వేరు. పాత బళ్ళతో వచ్చే చిక్కే ఇది. నలభై ఏళ్ళలో నలుగురు మేస్త్రీల చేతుల మీదుగా వచ్చాక, కంపెనీ పుస్తకంలో ఉన్న బండి వేరు, మన చావిట్లో ఉన్న బండి వేరు.

రెండో కొట్లో తెగిన ముక్క చూపించి "పదమూడు వెడల్పు, వెయ్యిన్నీ ఏభై" అన్నాను. అతడు గోడకు వేలాడుతున్న కట్టలోంచి ఒకటి తీసి ఇచ్చాడు. వెడల్పు సరిపోయింది, అంకె సరిపోయింది. డబ్బిచ్చి, మోటారు సైకిలు హాండిలుకు తగిలించుకుని, గెలిచినవాడిలా వచ్చాను.

చీకటి పడింది. సెల్‌ఫోను దీపం వెలుతుర్లో బెల్టు ఎక్కించాము. అతి సుళువుగా ఎక్కింది. అంత సుళువుగా ఎక్కినప్పుడే అనుమానించవలసింది. ఆల్టర్నేటరును చీలిక పట్టీలో చివరిదాకా లాగినా బెల్టు ఊయెలలాగ వేలాడుతోంది. స్టార్టు చేస్తే కీచుమని ఊరంతా వినబడేట్టు అరిచింది. ముల్లు మళ్ళీ పైకి పాకింది. ఆపేశాను. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

మర్నాడు తెల్లవారకుండానే పక్క ఊరు వెళ్ళి పెద్దమేస్త్రిని పిలుచుకొచ్చాను. ఆయనకు డెబ్భై దాటాయి. కుర్రతనంలో రైసు మిల్లులో ఆయిలు ఇంజను దగ్గర పనిచేశాడు. అప్పటి మిల్లుల్లో పొడుగాటి ఇరుసు మీంచి బల్లపరుపు పట్టాలు వేసి ఒక్కొక్క యంత్రాన్ని తిప్పేవారు. పట్టా జారితే గుగ్గిలం పొడి చల్లేవారు. "ఆ పట్టాలతోనే నా చెవులు పోయాయి బాబూ, గట్టిగా చెప్పు" అంటాడు. ఇప్పుడు కళ్ళు కూడా సరిగా కనిపించవు. పని మాత్రం వేళ్ళతో చూస్తాడు.

వచ్చినవాడు బండి వంక చూడలేదు. "చచ్చినవాడేడీ?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"అదేనయ్యా, తెగిన బెల్టు. చచ్చినవాడెలా చచ్చాడో చూడకుండా కొత్తవాణ్ణి తెచ్చి పెడితే వీడికీ అదే గతి."

తెచ్చి చేతిలో పెట్టాను. ఆయన దాన్ని వేళ్ళ మధ్య జార్చుకుంటూ, జపమాల తిప్పినట్టు ఈ కొస నుంచి ఆ కొస దాకా తిప్పాడు. తరువాత నా వేలు పట్టుకుని ఒక పక్క రాయించాడు. అద్దంలాగ నున్నగా ఉంది. రెండో పక్క రాయించాడు. పొలుసులు పొలుసులుగా లేచి, లోపలి దారాలు బయటపడి ఉన్నాయి.

"ముసలితనంతో పోతే రెండు పక్కలా ఒక్కలాగే అరుగుతాడు. వీడు ఒక పక్కే అరిగాడు. వీణ్ణి ఎవడో పక్కకు లాగుతున్నాడు" అన్నాడు.

మా అబ్బాయి చదువుకునే పొడుగాటి చెక్క స్కేలు తెప్పించి, క్రాంకు పుల్లీ మొహానికి ఆనించి పెట్టాడు. ఫాను పుల్లీకి స్కేలు అంటుకుని ఉంది. ఆల్టర్నేటరు పుల్లీ దగ్గర మాత్రం నా వేలు దూరేంత సందు కనిపించింది. కొలిస్తే పావు అంగుళం. అంటే ఆల్టర్నేటరు మిగతా పుల్లీల వరసలో లేదు, పావు అంగుళం వెనక్కి కూర్చుంది. బెల్టు ప్రతి చుట్టులోనూ వంకరగా గాడిలోకి దిగి, ఒక పక్క ఒరుసుకుంటూ తిరుగుతోంది. 2006లో అది బిగించిననాటి నుంచీ!

నాకు సిగ్గువేసింది. ఆ పదమూడేళ్ళలో ఎన్ని బెల్టులు మార్చానో లెక్కలేదు. ఒకటి ఏడాది, ఒకటి ఎనిమిది నెలలు. మార్చినప్పుడల్లా "ఈ కాలంలో అంతా నకిలీ సరుకేనండీ" అని కొట్టువాళ్ళను తిట్టాను. తెగిన ప్రతి ముక్కా అసలు దోషి ఎవరో తన ఒంటి మీద రాసుకునే వచ్చింది. నేను చదవకుండా పెంటమీద పారేశాను.

"మరి ఈ కొత్తది ఎందుకు వదులైంది మేస్త్రీ? అంకె అదే కదా!" అన్నాను.

"అంకె సరే, ఎక్కడి నుంచి కొలిచిన అంకె?" అన్నాడాయన.

నేను గ్రహించింది చెప్తాను. బెల్టు పొడుగును మూడు రకాలుగా చెప్పవచ్చు: లోపలి అంచు వెంట కొలిచి, బయటి అంచు వెంట కొలిచి, మధ్యలో బరువు మోసే దారాల వెంట కొలిచి. పిండి మరలకూ మోటార్లకూ వాడే రకం బెల్టులను తరచుగా లోపలి పొడుగుతో పిలుస్తారు. ఎ-41 అంటే లోపలి పొడుగు 41 అంగుళాలు. వాహనాల బెల్టుల మీద చాలా వాటికి బయటి పొడుగు మిల్లీమీటర్లలో వేస్తారు. అంకె పక్కనున్న చిన్న అక్షరాలు ఆ తేడాను చెప్పేవే. 'ఎల్‌ఎ' అంటే బయటిది, 'ఎల్‌ఐ' అంటే లోపలిది. మా తెగిన బెల్టు మీద అరిగిపోయినవి సరిగ్గా ఆ రెండు అక్షరాలే. కొట్టువాడు ఇచ్చినదాని లోపలి పొడుగు 1050.

తేడా ఎంత? బెల్టు మందం 8 మిల్లీమీటర్లు. చక్రం వ్యాసార్థం 8 పెరిగితే చుట్టుకొలత ఎంత పెరుగుతుందో బళ్ళో చదువుకున్న లెక్కే: ఎనిమిదిని రెండుతో, మళ్ళీ 3.14తో హెచ్చవేస్తే 50. అంటే నేను తెచ్చినది దరిదాపు రెండంగుళాలు ఎక్కువ పొడుగు. రెండే అంగుళాలు! ఎకరాల మీద బతికే వాళ్ళకు రెండంగుళాలు ఒక లెక్కా అనిపిస్తుంది. పెద్దమ్మ రెండెకరాలూ ఆ రెండంగుళాల్లోనే ఇరుక్కున్నాయి.

"అయితే ఇప్పుడు సరయిన కొలత ఎలా?" అంటే, మా అబ్బాయి తెలివిగా దారం తెచ్చి పుల్లీల చుట్టూ వేసి కొలిచాడు. 985 మిల్లీమీటర్లు వచ్చింది. మేస్త్రి నవ్వాడు. దారం సన్నం గనుక గాడి అడుగుకు దిగిపోయింది. బెల్టు అడుగుకు దిగదు. పక్క వీధి దర్జీ దగ్గర టేపు తెమ్మన్నాడు. ఆ టేపు గాడికంటె వెడల్పు. అందుచేత లోపలికి జారకుండా పుల్లీల అంచుల మీదే పడుకుంది. ముందు ఆల్టర్నేటరును దాని పట్టీలో నడిమికంటె కొంచెం ఇంజను వైపుకు జరిపి, తరువాత చుట్టూ టేపు వేశాడు. 1047 వచ్చింది. చచ్చినవాడి వీపు మీది 1050 బయటి పొడుగే అని రుజువైంది.

బెల్టు గాడి అడుగున ఆనకూడదు. ఈ మాట ఎంతో ముఖ్యం. పాత మిల్లు పట్టా చక్రాన్ని కౌగిలించుకుని తిప్పుతుంది. పట్టు చాలకపోతే జారుతుంది. ఈ గాడి బెల్టు అలా కాదు. దాని రెండు పక్కలూ ఏటవాలుగా, ఒకదానికొకటి 40 డిగ్రీల కోణంలో ఉంటాయి. లాగినకొద్దీ చెక్కలో దిగే మేకులాగ గాడిలోకి బిగుసుకుంటుంది. అదే బిగింపుతో బల్లపరుపు పట్టాకంటె సుమారు మూడు రెట్లు ఎక్కువ పట్టు దొరుకుతుంది. రబ్బరుతో ఇలాటి బెల్టును అమెరికాలో డెన్వరు పట్టణవాసి జాన్ గేట్సు 1917లో రూపొందించాడని చెబుతారు. పక్కలు అరిగి బెల్టు అడుగుకు చేరిందంటే ఆ బిగింపు పోయినట్టే. అప్పుడది జారుతుంది, జారితే వేడెక్కుతుంది, వేడెక్కితే పక్కలు నున్నబడతాయి, నున్నబడితే ఇంకా జారుతుంది. మేము సబ్బు రుద్దింది సరిగ్గా ఆ పక్కలకే! జారేదాన్ని ఇంకా జారేట్టు చేసి, అరుపు మానిందని సంబరపడ్డాము.

ఆ మధ్యాహ్నం తాడేపల్లిగూడెం వెళ్ళాను. ఈసారి బండి పేరు చెప్పలేదు. "వాహనాల బెల్టు, పై వెడల్పు 13, బయటి పొడుగు 1050" అన్నాను. మూడో కొట్లో దొరికింది. అక్షరాలు కళ్ళతో చదివి, అంచు వెంట టేపు కూడా వేయించి, రెండు కొన్నాను. నేను తిరిగి వచ్చేసరికి మేస్త్రి ఆల్టర్నేటరును విప్పి, కాలి బోల్టుల దగ్గర పల్చటి వాషర్లు మూడేసి పెట్టి ముందుకు జరిపాడు. స్కేలు పెడితే పుల్లీలన్నీ ఒకే వరసలో, బడి పిల్లల్లాగ నిలబడ్డాయి.

ఇక బెల్టు వెయ్యడం. పై ఉత్తరీయం తీసి గట్టు మీద పెట్టి, పంచె పైకి దోపుకున్నాడు. తాళంచెవి తీయించి తన రొండిన పెట్టుకున్నాడు. "ఫాను దగ్గర చెయ్యి ఉన్నప్పుడు తాళం ఇంకొకడి చేతిలో ఉండకూడదు" అన్నాడు. బాటరీ తీగ ఊడదీశాడు. గాడులన్నీ పొడి గుడ్డతో తుడిచి, అంచులు ఎక్కడైనా చిట్లాయేమోనని వేలితో తడిమాడు. డీజిలు గుడ్డ తగలనివ్వలేదు. రబ్బరుకు నూనె విషం. ఫానును చేత్తో పట్టి కదిపి చూశాడు. ఊగితే పంపు బేరింగు పోయినట్టు. ఊగలేదు.

ఆల్టర్నేటరు బోల్టులన్నీ వదులు చేసి, దాన్ని ఇంజను వైపుకు పూర్తిగా నెట్టాడు. బెల్టును ఫాను రెక్కల మీంచి ఒక్కొక్క రెక్కా తప్పిస్తూ లోపలికి దించాడు. ముందు క్రాంకు పుల్లీ, తరువాత ఫాను పుల్లీ, ఆఖరున ఆల్టర్నేటరు. మా డ్రైవరు పెద్ద స్క్రూడ్రైవరు పెట్టి అంచు మీంచి ఎక్కించబోతే చెయ్యి మీద ఒక్కటి వేశాడు. అలా ఎక్కిస్తే పైకి ఏమీ కనిపించదు గాని లోపలి దారాలు తెగుతాయి. నెల తిరక్కుండా బెల్టు తెగుతుంది. వేళ్ళతో ఎక్కకపోతే కొలత తప్పని అర్థం.

పార కర్రను సన్నగా దూర్చి ఆల్టర్నేటరు ముందు భాగానికి ఆనించి బయటికి ఎత్తిపట్టి, పట్టీ బోల్టు బిగించమన్నాడు. రెండు పుల్లీల మధ్య ఎక్కువ దూరం ఉన్న చోట బెల్టును బొటనవేలితో నొక్కాడు. అర అంగుళం దిగింది. నా బొటనవేలు పెట్టించాడు. "ఈ మెత్తదనం గుర్తు పెట్టుకో. దీనికంటె వదులైతే జారుతుంది. దీనికంటె బిగిస్తే పంపు బేరింగూ, ఆల్టర్నేటరు బేరింగూ తింటుంది. వీణ తీగలాగ మోగాలని బిగించేవాడు మేస్త్రి కాడు" అన్నాడు.

స్టార్టు చేశాము. అరుపు లేదు. ఎర్ర దీపం ఆరింది. పది నిమిషాలు తిప్పి ఆపి, మళ్ళీ నొక్కి చూసి కొంచెం బిగించాడు. కొత్త బెల్టు గాడిలో సర్దుకుని మొదట్లో కాస్త వదులవుతుందట. నాలుగైదు గంటలు నడిచాక మరొకసారి చూసుకోమని చెప్పాడు.

అప్పటికి రాత్రి ఎనిమిదయింది. అదే రాత్రి చేలో దిగాము. ముందు దీపాలు రెండూ నిండుగా వెలుగుతున్నాయి. అవి వెలగడం కూడా ఆ బెల్టు చలవే అని అప్పుడు గాని నాకు తట్టలేదు. ఒంటిగంట దాకా మొదటి దమ్ము తిరిగింది. నేను గట్టు మీద నిలబడి చేను కేసి కాదు, వేడి ముల్లు కేసే చూస్తున్నాను. అది నడిమి గీత దాటలేదు. మూడో రోజు మధ్యాహ్నానికి రెండో దమ్మూ, చదునూ అయిపోయాయి. సాయంత్రం బోదెలో నీళ్ళు సన్నగిల్లుతూ ఉండగా పెద్దమ్మ తన చేనికి ఆఖరి తడి పెట్టుకుని గండి కట్టేసింది. నాలుగో రోజు ఉదయం కూలీలు దిగారు.

మేస్త్రికి డబ్బిస్తే లెక్క చూసుకుని తనకు రావలసినంత తీసుకుని, మిగిలింది తిరిగిచ్చాడు. "ఆ రెండో బెల్టు ఎండ తగలకుండా, మడతపడకుండా పెట్టు" అని మాత్రం చెప్పి వెళ్ళాడు. దాన్ని గుడ్డసంచిలో వేసి చావిట్లో నీడపట్టున తగిలించాను.

ఆ సంచి తియ్యవలసిన అవసరం 2023 దాకా రాలేదు. నాలుగేళ్ళు! అప్పుడు కూడా తెగలేదు. పక్కల సన్నటి బీటలు కనిపించి నేనే మార్చాను. పాతదాన్ని తీసి, మేస్త్రి చేసినట్టే ఈ కొస నుంచి ఆ కొస దాకా వేళ్ళ మధ్య తిప్పి చూశాను. రెండు పక్కలా ఒక్కలాగే అరిగింది.

"పారెయ్యమంటారా అండీ?" అన్నాడు మా డ్రైవరు.

వద్దన్నాను. చావిట్లో ఒకే మేకుకు రెండూ వేలాడుతున్నాయి, 2019లో తెగినదీ, 2023లో దించినదీ. బండి కొనుక్కున్న కుర్రాళ్ళు ఎవరైనా వచ్చి "బెల్టులు నిలవడం లేదండీ, అంతా నకిలీ సరుకు" అన్నప్పుడు, నేనేమీ చెప్పను. రెంటినీ చేతికిచ్చి, పక్కలు తడిమి చూడమంటాను.